స్టెంటు వేయడం శస్త్రచికిత్స అవుతుందా?

సందేహం: మా నాన్నగారికి మణికట్టు దగ్గర సూదితో గుచ్చి గుండెకు స్టెంటు వేశారు. ఎక్కడా కోత లేదు. అయినా బంధువులు ‘గుండె ఆపరేషన్’ అంటున్నారు, పత్రికల్లోనూ ఇటువంటి చికిత్సను ‘శస్త్రచికిత్స’ అనే రాస్తున్నారు. ఇది సరైన ప్రయోగమేనా? ‘గుండె నరాలు మూసుకుపోయాయి’ అనడం తప్పా?

సమాధానం: ‘శస్’ ధాతువుకు హింసించడం, కోయడం అని అర్థం. దాని నుంచి వచ్చిన శస్త్రం కోసే సాధనం కనుక, కోత లేనిచోట శస్త్రచికిత్స ఏమిటన్న మీ అనుమానం సహేతుకమే. (అక్కడక్కడ కనిపించే ‘శాస్త్రచికిత్స’ మాత్రం తప్పు, ఆ దీర్ఘంతో అర్థమే మారిపోతుంది.) అయితే సుశ్రుతసంహిత శస్త్రకర్మలను ఛేదనం, భేదనం, లేఖనం, వేధనం, ఏషణం, ఆహరణం, విస్రావణం, సీవనం అని ఎనిమిదిగా చెప్పింది. వీటిలో వేధనమంటే మొనగల సాధనంతో గుచ్చడం. ఆ లెక్కన మీ నాన్నగారి మణికట్టు దగ్గర సూది గుచ్చిన క్షణం వరకు జరిగింది శస్త్రకర్మే.

ఆ తరువాత జరిగినదానికి ఆ పేరు పొసగదు. సుశ్రుతుడు సాధనాలను కూడా రెండుగా విడదీశాడు: పదునున్నవి 20 శస్త్రాలు, పట్టడానికి, లాగడానికి, లోపలికి పంపడానికి పనికివచ్చేవి 101 యంత్రాలు. యంత్రాలలో గొట్టంలా బోలుగా ఉండేవాటికి నాడీయంత్రాలని పేరు. రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టమైన నేటి కాథెటర్‌ను ఆ వర్గంలోనే చేర్చవచ్చు. మణికట్టు ధమనిలోంచో, గజ్జలోని ధమనిలోంచో కాథెటర్‌ను గుండె ధమని మొదటిదాకా నడిపి, దానిలోంచి సన్నని తీగను పూడిక దాటించి, ఆ తీగ మీదుగా చిన్న బెలూన్‌ను పంపి ఉబ్బిస్తే దాని చుట్టూ ముడుచుకొని ఉన్న లోహపు జాలీ గొట్టం విచ్చుకొని ధమని గోడకు అతుక్కుంటుంది. బెలూన్‌ను వెనక్కి తీస్తారు, జాలీ అక్కడే ఉండిపోతుంది, అదే స్టెంటు. 1977 సెప్టెంబరు 16న జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలిసారి గుండె ధమనిని బెలూన్‌తో వెడల్పు చేసినప్పుడు రోగి మెలకువగానే ఉన్నాడు. స్టెంటు దానికి తోడైనది 1986లో.

కాబట్టి వ్యుత్పత్తిని పట్టుకొని పత్రికలవారిది పూర్తిగా తప్పని చెప్పలేను గానీ, వాడుకలో స్టెంటు వేయడాన్నీ శస్త్రచికిత్సనూ వేరుగా ఉంచడమే మేలని గట్టిగా అంటాను. ‘ఇదివరకు గుండె ఆపరేషన్ ఏమైనా జరిగిందా?’ అని కొత్త డాక్టరు అడిగినప్పుడు, స్టెంటు వేయించుకున్న పెద్దాయన ‘అయిందండీ’ అంటే ఆ జవాబు డాక్టరును పక్కదారి పట్టిస్తుంది. ‘స్టెంటు వేశారు’ అని జనం చక్కటి తెలుగు క్రియతో ఎప్పుడో స్థిరపరచుకున్నారు. రాతలోనూ అదే చాలు.

బైపాస్ సంగతి వేరు. అక్కడ రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు. కాలి నుంచి తీసిన సిర ఒక కొసను బృహద్ధమనికి, రెండో కొసను పూడికకు అవతల గుండె ధమనికి కలిపి కుడతారు. రొమ్ము లోపలి ధమనిని వాడినప్పుడు సాధారణంగా దాని మొదలును అలాగే ఉంచి, కొసను మాత్రమే తెచ్చి గుండె ధమనికి కలుపుతారు. ఛేదనమూ (కోయడం) సీవనమూ (కుట్టడం) రెండూ ఉన్న ఈ పని నిస్సందేహంగా శస్త్రచికిత్స. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో కాలి సిరతో ఈ పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చాడు. అయితే ఇక్కడ తెరిచేది ఛాతీని. గుండె గదులను తెరవరు. కనుక ‘గుండెను కోసి బైపాస్ చేశారు’ అన్న వాక్యం అనవసరంగా భయపెట్టే తప్పుడు వాక్యం.

ఇక ‘నరాలు’. తెలుగువారి నోట నరం అన్న ఒక్క మాటే మెదడు నుంచి వచ్చే నాడికీ, నెత్తురు పారే గొట్టానికీ చెల్లుతుంది. సెలైన్ ఎక్కించేటప్పుడు నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటే ఆమె వెతికేది సిరనే. ఆ మాటను తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. కానీ రాసేటప్పుడు గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర అని విడదీయాలి. ‘కాలి నరం తీసి గుండె నరానికి వేశారు’ అని రాస్తే, సిరను తెచ్చి ధమనికి కలిపారన్న అసలు విశేషం పాఠకుడికి అందకుండా పోతుంది. రెంటికీ కలిపి చెప్పవలసివస్తే రక్తనాళం ఉండనే ఉంది.

ఇదే కోవలో ఈమధ్య విరివిగా వినిపిస్తున్న మరొక మాట ‘కవాట మార్పిడి’, అంటే గుండె వాల్వు మార్చడం. ఛాతీ తెరిచి, చెడిన కవాటాన్ని కోసి తీసేసి, కొత్తదాన్ని కుట్టినప్పుడు ఆ మాట అక్షరాలా సరిపోతుంది. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే మొదలుపెట్టిన కాథెటర్ పద్ధతిలో పాత కవాటాన్ని తీయరు. దాన్ని పక్కలకు నొక్కి, దాని నడుమనే కొత్తది విచ్చుకొనేలా చేస్తారు. అటువంటిచోట ‘గజ్జలోని ధమని గుండా కొత్త కవాటం అమర్చారు’ అని రాయడం సరైనది.