'సి' అని రాసింది మీరే, ఆ మాట మావయ్యగారికి మీరే చెప్పాలి

ప్రశ్న: మేడమ్, నాకు 33 ఏళ్లు. మాది విశాఖపట్నం, కంచరపాలెంలో ఉంటాం. సీతమ్మధారలో ఒక అభ్యర్థి ప్రచార ఆఫీసులో నాలుగు నెలలుగా పనిచేస్తున్నాను. మా మావయ్యగారు అదే పార్టీకి మా వార్డులో ముప్పయ్యేళ్లుగా తిరుగుతున్న మనిషి, ఏ పదవీ లేదు. వార్డులో ఎవరు పనికొస్తారో ఎవరు రారో రాసి పంపమని పైవాళ్లు అడిగితే ఏ, బి, సి అని షీటు చేసి మెయిల్ పెట్టాను. ఆయన పేరు ఎదురుగా 'సి' పెట్టి, "స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పితే చాలు, ఈయన వల్ల కాఫీ టిఫిన్ల ఖర్చు తప్ప కొత్త ఓట్లు రావు" అని రాశాను. అదే మెయిల్లో కింద, వీధులన్నీ ఆయనకే తెలుసు, ఆయన లేకుండా కుర్రాళ్లని ఇంటింటికీ పంపొద్దు అని కూడా రాశాను. పోయిన వారం మా ఆఫీసు మెయిళ్లు ఎవరో కాజేసి బయటపెట్టారు. స్క్రీన్‌షాట్‌లో పై మాటలే ఉన్నాయి. కాలనీ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. టీ కొట్టు దగ్గర ఆయన్ని "సి గ్రేడ్ గారూ" అని పిలుస్తున్నారట. టిఫిన్ల ఖర్చు అన్న మాట పట్టుకుని పార్టీ డబ్బు తిన్నాడని కూడా పుట్టించారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాతో మాట్లాడటం మానేశారు, నేను వడ్డిస్తే తినట్లేదు. అది ఫేక్ అని చెప్పమని ఆఫీసువాళ్లు అంటున్నారు. మా ఆయన కూడా, "అమెరికాలో హిల్లరీ క్లింటన్ వాళ్ల మెయిళ్లే లీకయ్యాయి, జనం నాలుగు రోజులు మాట్లాడుకుని మర్చిపోయారు, నాన్నకి కూడా మార్ఫింగ్ అని చెప్పేయ్" అంటున్నారు. తప్పు దొంగిలించినవాడిది కదా మేడమ్, మరి అందరూ నన్నే ఎందుకు తప్పుపడుతున్నారు? పోలింగ్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ ఆ మెయిళ్లు కాజేసినవాడి మీదే కోపం వచ్చింది. రెండోసారి "నేను వడ్డిస్తే తినట్లేదు" అన్న దగ్గర ఆగిపోయాను. ఒక్క మాట అనకుండా కంచం ముందు నుంచి లేచిపోయే పెద్దమనిషి అరిచే మనిషి కన్నా ఎక్కువ దెబ్బతిన్నట్టు. మీకు చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి కానీ ముందు చేయాల్సింది ఆయన దగ్గరే ఉంది.

మీవారు చెప్పిన అమెరికా సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన దాన్ని తిరగేసి చెప్పారు. 2016లో హిల్లరీ అమెరికా అధ్యక్ష పదవికి డెమొక్రటిక్ పార్టీ తరఫున పోటీ చేశారు. ఆ ఏడాది జులై 22న ఆ పార్టీ జాతీయ కమిటీ మెయిళ్లు దాదాపు 20 వేలు, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ అనే వెబ్‌సైటులో వచ్చాయి. ఇంకో మూడు రోజుల్లో ఫిలడెల్ఫియాలో పార్టీ మహాసభ. పార్టీ అభ్యర్థిత్వం కోసం హిల్లరీతో పోటీపడిన బెర్నీ శాండర్స్ గురించి, తటస్థంగా ఉండాల్సిన కమిటీవాళ్లు ఎంత చులకనగా రాసుకున్నారో ఆ మెయిళ్లలో కనపడింది. దేవుణ్ని నమ్ముతాడా లేదా అని శాండర్స్‌ని ఎవరి చేతైనా అడిగిస్తే కొన్ని రాష్ట్రాల్లో ఓట్లు తేడా వస్తాయి కదా అన్న ఆలోచన కూడా అందులో ఉంది. ఆ మాటలకి ఎక్కువ నొచ్చుకుంది ఎవరనుకుంటున్నారు? శాండర్స్ ఎంతైనా రాజకీయ నాయకుడు, తట్టుకున్నారు. నొచ్చుకున్నది ఆయన కోసం తలుపులు తట్టినవాళ్లు, చిన్న చిన్న చందాలు ఇచ్చినవాళ్లు. తనకొచ్చే సగటు చందా 27 డాలర్లని ఆయన ప్రతి సభలోనూ చెప్పేవారు, ఆ 27 డాలర్ల మనుషులన్నమాట. మీ మావయ్యగారి లాంటివాళ్లు. కమిటీ అధ్యక్షురాలు డెబ్బీ వాసర్‌మన్ షుల్జ్ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది, మర్నాడు సొంత రాష్ట్రం ఫ్లోరిడా ప్రతినిధుల ముందు మాట్లాడుతుంటే అక్కడే గోల చేశారు. అదే రోజు కమిటీ శాండర్స్‌కి క్షమాపణ చెప్పింది. చాలామంది అభిమానులకి అది చాల్లేదు, మహాసభలోంచి లేచి వెళ్లిపోయారు. నాలుగు రోజుల్లో మర్చిపోవడం అంటే ఇదేనా?

ఇక దొంగతనం మాట. అదీ నిజమే. ఆ మెయిళ్లు దొంగిలించారని 12 మంది రష్యా సైనిక గూఢచారుల మీద అమెరికాలో అభియోగాలు పెట్టారు, అది 2018 జులైలో. అంటే రెండేళ్లకి. తమ గురించి ఏం రాశారో మాత్రం ఆ కార్యకర్తలు మొదటి రోజే చదివేశారు. దొంగ ఎవరో తేలేదాకా బాధపడకుండా ఆగండని ఏ మనిషికీ చెప్పలేం కదమ్మా. మీ మెయిల్ కాజేసినవాడిది నేరం, అందులో నాకు అనుమానం లేదు. కానీ మావయ్యగారి ముందు నిలబడి "ఎవడో దొంగిలించాడు మావయ్యా" అంటే ఆయనకి వినపడేది వేరు, "దొంగిలించకపోతే మీకు తెలిసేదే కాదు" అన్నట్టు వినపడుతుంది. అది ఇంకో దెబ్బ. అందుకే ఆయనతో మాట్లాడే మొదటి పది నిమిషాల్లో ఆ దొంగ సంగతి ఎత్తొద్దు.

ఫేక్ అని మాత్రం చెప్పకండి. ఎంతమంది చెప్పమన్నా సరే. ఆఫీసువాళ్లకి పన్నెండు రోజులు గడిస్తే చాలు, మీరు ఆ ఇంట్లో బతకాలి. అదే 2016లో డోనా బ్రజిల్ అనే ఆవిడ సీఎన్‌ఎన్ అనే టీవీ ఛానెల్లో వ్యాఖ్యాతగా ఉంటూ, చర్చా కార్యక్రమాల్లో హిల్లరీని అడగబోయే ప్రశ్నల్ని ఆవిడ మనుషులకి ముందే మెయిల్లో పంపారని లీకుల్లో బయటపడింది. మొదట ఆవిడ ఒప్పుకోలేదు, ఆ మెయిళ్లలో మార్పులు చేసి ఉండొచ్చన్నట్టు మాట్లాడారు. ఛానెల్ ఆవిడతో సంబంధం తెంచుకుంది. తర్వాత 2017 మార్చిలో, పంపడం తప్పేనని తనే రాశారు. మొదటి రోజే ఒప్పుకుని ఉంటే ఒక్క తప్పుతో పోయేది, మధ్యలో అబద్ధం కూడా వచ్చి చేరింది. మీ విషయంలో అయితే ఇంకా కష్టం, ఎందుకంటే మావయ్యగారు ముప్పయ్యేళ్లు రాజకీయాల్లో తిరిగిన మనిషి, ఎవరు నిజం చెబుతున్నారో ఎవరు పార్టీ చెప్పమన్నది చెబుతున్నారో ఆయనకి తెలీకుండా ఉంటుందా?

ఒక సంగతి చెప్పనా. మా నాన్నగారు కూడా ఒక పార్టీకి ఇలాగే తిరిగేవారు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఓటరు చీటీలన్నీ ఆయన చేతే రాయించేవారు, రాత్రి పదకొండు దాకా మా అరుగు మీద బల్బు వెలిగేది. ఆయనకి కూడా ఏ పదవీ రాలేదు. ఒకసారి సభలో ముందు వరసలో కుర్చీ వేశారని ఇంటికొచ్చి అమ్మకి మూడుసార్లు చెప్పారు. ఆ కుర్చీ, ఆ శాలువా ఇలాంటివాళ్లకి ఎంత పెద్దవో నాకు తెలుసు. మీరు రాసిన "శాలువా కప్పితే చాలు" అన్న మాట, 'సి' అన్న అక్షరం కన్నా ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది. ఇన్నేళ్లూ కప్పిన శాలువాలన్నీ ఇందుకేనా అని ఆయన ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ ఉండొచ్చు. మిమ్మల్ని బాధపెట్టాలని రాయట్లేదు, మీరు దేనికి క్షమాపణ చెప్పాలో తెలియాలని రాస్తున్నాను.

ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. మీవారి చేత కబురు పంపొద్దు, అత్తయ్యగారిని మధ్యలో పెట్టొద్దు. పొద్దున్నే ఆయన పేపరు చదివే వేళో, సాయంత్రం డాబా మీద కూర్చునే వేళో మీకే బాగా తెలుస్తుంది, అప్పుడు వెళ్లి కింద కూర్చోండి. "మావయ్యా, అది నేనే రాశాను. ఎవరూ మార్చలేదు. మిమ్మల్ని లెక్కలోంచి తీసేసినట్టు రాశాను, అది తప్పు. మీతో ముందు మాట్లాడి ఉండాల్సింది" అని చెప్పండి. ఇంతే. దీనికి తోకలు తగిలించకండి, "మీరు అపార్థం చేసుకున్నారు", "పైవాళ్లు అడిగారు కాబట్టి", "అందరి గురించీ అలాగే రాశాను" లాంటివి ఒక్కటి వచ్చినా ముందు చెప్పినదంతా పోతుంది. ఆయన జవాబు చెప్పకపోవచ్చు. లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి, మర్నాడు మళ్లీ కాఫీ మీరే పట్టుకెళ్లండి, తాగకపోయినా పర్వాలేదు. వయసైనవాళ్ల మౌనం ఒక్కరోజులో కరగదు.

ఇంకొక ప్రశ్న కూడా ఆయన్ని అడగాలి. అవమానం నలుగురిలో జరిగింది, క్షమాపణ మాత్రం నాలుగు గోడల మధ్య చెబుతున్నారు. అందుకని "గ్రూపులో కూడా రాయమంటారా మావయ్యా" అని అడగండి. రాయమంటే రాయండి, ఆఫీసువాళ్లు ఏమన్నా సరే. వద్దంటే ఊరుకోండి. మీ అంతట మీరు పోస్టు పెట్టేయకండి, ఆయన పేరు మళ్లీ ఓ రోజంతా అందరి ఫోన్లలో తిరుగుతుంది.

డబ్బు తిన్నాడన్న పుకారు మాత్రం వేరు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈరోజే ఖండించండి. మీరు రాసినదానికి మీరు జవాబుదారీ, మీరు రాయనిదాన్ని జనం కల్పిస్తే అది అబద్ధమని గట్టిగా చెప్పాల్సిందీ మీరే, ఎందుకంటే ఆ మాటకి మూలం మీ మెయిలే. లీకైన మెయిళ్లని జనం ఎలా చదువుతారో అమెరికాలోనే చూశాం. హిల్లరీ ప్రచార సారథి జాన్ పొడెస్టా మెయిళ్లు 2016 అక్టోబర్ 7 నుంచి విడతలు విడతలుగా వచ్చాయి, రిసోటో అనే అన్నం వంటకం ఎలా కలపాలో ఆయన చెప్పిన చిట్కా కూడా ఊరంతా చదివారు. అక్కడితో ఆగితే బాగుండేది. వాటిలో పిజ్జా, చీజ్ లాంటి మాటలు కనపడితే అవి రహస్య సంకేతాలని, వాషింగ్టన్‌లో ఒక పిజ్జా హోటల్ కింద పిల్లల్ని బంధించారని కొందరు కథలు అల్లారు. డిసెంబర్ 4న ఒకతను నిజంగానే తుపాకీ పట్టుకుని ఆ హోటల్లోకి వెళ్లి కాల్పులు జరిపాడు. అక్కడ పిల్లలూ లేరు, ఆ బేస్‌మెంటూ లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. ఉత్త తిండి మాట ఎంత దూరం పోయిందో చూడండి. మీ "కాఫీ టిఫిన్లు" కూడా అలాగే పోతోంది. "ఆ ఖర్చు ప్రచారానికి వచ్చే కుర్రాళ్ల టిఫిన్ల గురించి, ఆయన పార్టీ నుంచి రూపాయి తీసుకోలేదు" అన్నది నిజమైతే, అదే మాట అదే గ్రూపుల్లో మీ పేరుతో రాయండి. టీ కొట్టు దగ్గర ఆ మాట అన్నవాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటే మీరూ మీవారూ కలిసి వెళ్లి మొహం మీదే చెప్పండి.

మీవారి గురించి కూడా ఒక మాట, ఆయనకి చదివి వినిపించండి. బాబూ, మీ నాన్నగారితో అబద్ధం చెప్పమని మీ భార్యకి చెబుతున్నారు. ఇంట్లో గొడవ తొందరగా సర్దుమణగాలన్నది మీ ఆశ, అర్థమైంది. కానీ రేపు అది అబద్ధమని తెలిస్తే ఆయన ఒకేసారి ఇద్దరినీ పోగొట్టుకుంటారు, ఇప్పుడైతే కనీసం కొడుకున్నాడు. ఈ పన్నెండు రోజులూ సాయంత్రాలు ఆయనతో పాటు ఆ టీ కొట్టు దాకా నడవండి, పక్కన నిలబడండి. మీరు పక్కనుంటే "సి గ్రేడ్" అనడానికి సగం మందికి నోరు రాదు.

దొంగతనం సంగతి వదిలేయమని నేను అనట్లేదు. అనుమతి లేకుండా ఇంకొకరి మెయిల్లోకి చొరబడి కాజేయడం ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం, మూడేళ్ల దాకా జైలు గానీ 5 లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. విశాఖలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది, కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ మెయిళ్లు మీ ఒక్కరివే కావు కాబట్టి ఆఫీసు తరఫున ఫిర్యాదు ఇప్పించండి, వాళ్లు కదలకపోతే మీ మెయిల్ వరకు మీరే ఇవ్వండి. స్క్రీన్‌షాట్లు తేదీ, సమయం కనపడేలా దాచండి. పాస్‌వర్డ్‌లు మార్చి రెండంచెల భద్రత పెట్టుకోండి. పొడెస్టా ఖాతా పోయింది కూడా గూగుల్ పంపినట్టున్న ఒక దొంగ మెయిల్లోని లింకు నొక్కడం వల్లే.

ఉద్యోగం మానేయాలా అని మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను, ఇప్పుడు మానేయకండి. కాకపోతే ఫేక్ అని మీ పేరుతో ప్రకటన ఇవ్వమంటే కుదరదని చెప్పండి, అందుకు పంపించేస్తే పంపించేయనివ్వండి.

చివరిగా, ఆ మెయిల్ కింద మాటలు. వీధులన్నీ ఆయనకే తెలుసని, ఆయన లేకుండా ఎవర్నీ పంపొద్దని మీరు రాసినవి. ఫోను తీసి ఇప్పుడే పరిగెత్తి చూపించాలని మీకు అనిపిస్తూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ కత్తిరించినవాడు మోసం చేశాడు కదా అని. ఆగండి. మీ అంతట మీరు చూపిస్తే తప్పించుకోవడానికి తెచ్చిన సాక్ష్యంలా ఉంటుంది. క్షమాపణ చెప్పాక, నాలుగు రోజులకో వారానికో, "ఇంకా ఏం రాశావమ్మా నా గురించి" అని ఆయనే అడుగుతారు, ముప్పయ్యేళ్లు వీధులు తిరిగిన మనిషి అడక్కుండా ఉండలేరు. అప్పుడు ఫోను ఆయన చేతికే ఇచ్చేయండి. పైన రాసిందీ కింద రాసిందీ మొత్తం ఆయన్నే చదువుకోనివ్వండి. కళ్లజోడు కూడా తీసుకెళ్లండి, అక్షరాలు చిన్నవిగా ఉంటాయి.