వరంగల్‌లో గుండె ఆపరేషన్ల విభాగం నిలబడాలంటే పేరున్న సర్జన్ వస్తే చాలదా?

చాలదు. హన్మకొండలో గుండె ఆపరేషన్ల ఐసీయూలో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా చేశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా. సర్జన్ మంచివాడు కావాల్సిందే, ఎవరు కాదంటారు? కానీ విభాగం సత్తా తెలిసేది ఆయన ఇంటికి వెళ్లిపోయాక, నైట్ డ్యూటీలో.

ఒకసారి ఏటూరునాగారం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరంతో గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) పాడైంది. ఆరోగ్యశ్రీలో వాల్వ్ మార్చారు. సాయంత్రం నుంచి ఛాతీ డ్రెయిన్‌లోకి, అంటే ఆపరేషన్ తర్వాత లోపలి రక్తం బయటికి రావడానికి పెట్టే ట్యూబులోకి, రక్తం వస్తూనే ఉంది. అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్యూటీ డాక్టరు చూసి, "బ్లీడింగ్ తగ్గింది, మంచిదేగా సిస్టర్" అన్నారు. ఆ బెడ్ చూస్తున్నది ములుగు అమ్మాయి, మా అందరికంటే జూనియర్. "తగ్గితే మెల్లగా తగ్గాలి సార్. బీపీ పడిపోతోంది, సీవీపీ (గుండెకు తిరిగొచ్చే పెద్ద సిరలో రక్తపు ఒత్తిడి) పెరుగుతోంది, యూరిన్ రావట్లేదు. ట్యూబులో గడ్డ కట్టి రక్తం లోపలే నిలుస్తోందేమో" అంది. ట్యూబు పిండి చూసింది, చుక్క రాలేదు. నా వైపు చూసింది. "ఫోన్ చెయ్" అన్నాను. నేరుగా సర్జన్ గారికే చేసింది. ఆయన ఎదురు ప్రశ్న వేయలేదు, "థియేటర్ రెడీ చేయండి, వస్తున్నా" అన్నారు. ఛాతీ మళ్లీ తెరిస్తే గుండె చుట్టూ రక్తపు గడ్డలు. అవి తీయగానే బీపీ లేచింది. పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ "రాత్రి ఇతన్ని బతికించింది ఈ అమ్మాయే" అన్నారు సర్జన్ గారు. ఆ తర్వాత మా ఐసీయూలో ఎవరికి అనుమానం వచ్చినా నోరు నొక్కుకోలేదు.

నోరు నొక్కితే ఏమవుతుందో బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో చూశాం. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు మొత్తుకున్నా పెద్దవాళ్లు చెవిన పెట్టలేదు. 2001లో వచ్చిన విచారణ నివేదిక కూడా టీమ్ వర్క్ లేకపోవడాన్ని, నాయకత్వ లోపాన్ని వేలెత్తి చూపింది.

మరి మన దగ్గర? ఈ నెల గుండె ఐసీయూ, వచ్చే నెల గైనిక్ వార్డు అని నర్సులను తిప్పుతారు. డ్రెయిన్ చూసి ప్రమాదం పసిగట్టడం ఒక్క నెలలో వస్తుందా? ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషిన్ నడిపే పంప్ టెక్నీషియన్‌నూ అంతే, ఎవరు దొరికితే వాళ్లను పిలుస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ మందు ఇచ్చాక, ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 480 సెకన్లు దాటిందని ఆయన పైకి చెప్పేదాకా పంప్ మొదలుపెట్టకుండా సర్జన్ ఆగాలి. ముక్కూ మొహం తెలియని మనిషైతే ఆ మాటకు విలువెలా వస్తుంది? కోట్లు పెట్టి మెషిన్లు కొని రిబ్బన్ కత్తిరిస్తారు, జీతం పెంచమంటే మాత్రం "నర్సులు దొరక్కపోతారా" అంటారు. ఆ ములుగు అమ్మాయి ఇప్పుడు గల్ఫ్‌లో పనిచేస్తోంది. మాకు అలాంటి మనిషి మళ్లీ దొరకలేదు.

ఇంకో సంగతి ఎవరూ అడగరు. మెటల్ వాల్వ్ వేసుకున్నవాళ్లు జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఊరికి వెళ్లాక ఒంట్లో బాగుందని మాత్ర మానేస్తారు, వాల్వ్ మీద గడ్డ కట్టి మళ్లీ వస్తారు. మా దగ్గర ఒకాయన వాళ్లకు నెలనెలా ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఖర్చు తగ్గించాలనుకోగానే ముందు తీసేసింది ఆ పోస్టునే. వరంగల్‌లో కొత్తగా విభాగం పెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మొదటి రోజు నుంచే ఆ ఉద్యోగికి జీతం రాసిపెట్టండి.