అలైన్‌మెంట్ చేయబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

ట్రిప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) కుటుంబం ప్రొటీన్లు నలభై పోగేశాను, వాటి అలైన్‌మెంట్‌కి, అంటే అమైనో ఆమ్లాల వరుసలను (సీక్వెన్సులను) పోలిన చోట్లు ఒకే కాలమ్‌లో పడేలా పేర్చడానికి, ఏ ప్రోగ్రామ్ వాడమంటారు అని అడిగావు. ప్రోగ్రామ్ సంగతి తర్వాత, ముందు ఆ సీక్వెన్సులున్న ఫాస్టా ఫైల్ తెరిచి పొడవులు చూడు. చాలావరకు 250 అమైనో ఆమ్లాల దగ్గర ఉంటాయి. మధ్యలో 90 ఉన్నది కనిపిస్తే అది తునక అయ్యుంటుంది, తీసేయ్. 800 దాటింది ప్లాస్మినోజెన్ (ఈ కుటుంబంలోదే, పొడవాటి ప్రొటీన్) అయితే కంగారు పడకు. దాని ముందు భాగంలో వేరే డొమైన్లు (విడిగా ముడుచుకునే భాగాలు) ఉన్నాయి, నీకు కావలసింది చివరి భాగమే.

రెండు సీక్వెన్సులను పేర్చే పద్ధతి నీడిల్‌మన్, వున్ష్ 1970లోనే ఇచ్చారు. అదే లెక్క ఎక్కువ వాటికి చేద్దామంటే, ఒక్కో సీక్వెన్సు చేరినప్పుడల్లా పని దాదాపు దాని పొడవంత రెట్లు పెరుగుతుంది. నలభైకి అసలు కుదరదు. అందుకే ప్రోగ్రాములు అడ్డదారి తొక్కుతాయి. ఏది దేనికి దగ్గరో చూసి గైడ్ ట్రీ (ఏ క్రమంలో కలపాలో చెప్పే చెట్టు బొమ్మ) వేసి, దగ్గరివాటిని ముందు కలిపి, మిగతావాటిని ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోతాయి.

చిక్కంతా ఇక్కడే. మొదట్లో పడ్డ గ్యాప్ (వరుసలో వదిలిన ఖాళీ) తప్పని తర్వాత తేలినా, క్లస్టల్‌డబ్ల్యూ మామూలుగా వెనక్కి వెళ్లి దిద్దుకోదు. 1994 నాటి ఆ ప్రోగ్రామ్‌ని అలవాటు కొద్దీ ఇంకా వాడేవాళ్లున్నారు. నువ్వు వాడకు. మజిల్, మాఫ్ట్ అనే ప్రోగ్రాములైతే కట్టిన అలైన్‌మెంట్‌ని విడదీసి మళ్లీ కలిపి, స్కోరు మెరుగైతేనే ఉంచుకుంటాయి. నీకు మాఫ్ట్‌లో ఎల్-ఇన్స్-ఐ అనే పద్ధతి సరిపోతుంది. అది ఒకే ఉమ్మడి డొమైన్ ఉండి, అటూ ఇటూ పొంతన లేని భాగాలున్న వాటి కోసమే. నిదానమే గానీ, నలభైకి ఆ తేడా తెలియదు. సీక్వెన్సులు వేలల్లో ఉన్నప్పుడు క్లస్టల్ ఒమేగా అనే ప్రోగ్రామ్ సంగతి ఆలోచించు.

ఫలితం రాగానే ట్రీ (ప్రొటీన్ల వంశవృక్షం) వేయడానికి పరుగెత్తకు. అలైన్‌మెంట్‌ని చూపించే జాల్‌వ్యూ ప్రోగ్రామ్‌లో తెరిచి, ఎంజైమ్ పనిచేసే చోటు చూడు. హిస్టిడిన్, ఆస్పార్టేట్, సెరిన్ అనే మూడు అమైనో ఆమ్లాలూ ఎవరి కాలమ్‌లో వాళ్లు నిలువుగా నిలబడాలి. సెరిన్‌ని వెతకడం తేలిక, జీడీఎస్‌జీజీపీ అన్న వరుసలో ఉంటుంది (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం, ఎస్ అంటే సెరిన్). ఒక్క సీక్వెన్సులో ఆ వరుస పక్క కాలమ్‌లకు జరిగితే అలైన్‌మెంట్ తప్పింది. వరుస సరిగ్గా పడి సెరిన్ ఒక్కటే మారితే మాత్రం చెయ్యి పెట్టకు. హాప్టోగ్లోబిన్ ఈ కుటుంబంలోదే, కానీ ఎంజైమ్ పని వదిలేసింది. అందులో ఆ సెరిన్ ఉండదు. ఇది ఏ ప్రోగ్రామూ చెప్పదు, ప్రొటీన్ గురించి చదివితేనే తెలుస్తుంది.

అలాగే మజిల్‌తోనూ ఓసారి చేసి పోల్చు. రెండూ ఏకీభవించని చోట్లు ఎక్కువగా లూపుల్లో (ప్రొటీన్‌లోని వదులు వంపుల్లో) ఉంటాయి. వాటి మీద ఏ నిర్ణయమూ నిలబెట్టకు. పోలిక 25 శాతం కన్నా తగ్గిన జంటలుంటే సీక్వెన్సు ఒక్కదాన్నే నమ్మకుండా త్రీడీ నిర్మాణం కూడా చూడు.

గ్యాపులున్న కాలమ్‌లన్నీ కోసేయాలని చాలామందికి తొందర. గట్టిగా కోస్తే ట్రీకి పనికొచ్చే సమాచారమూ పోతుంది. నాకు పంపేటప్పుడు కోయని ఫైలే పంపు. వాడిన కమాండ్, వెర్షన్ నంబరు కూడా రాయి.