మడ అడవులు పోతే సముద్రంలో చేపల వేట దెబ్బతింటుందా?
దెబ్బతింటుంది, ఎందుకంటే మన తీరంలో దొరికే చేపలు, రొయ్యలు, పీతల్లో చాలా రకాలు చిన్నప్పుడు పెరిగేది తీరంలో ఉప్పునీటి బురదలో ఎదిగే మడ చెట్ల వేళ్ల మధ్యే. రాలిన ఆకులు బురదలో కుళ్లి వాటికి మేతవుతాయి, వేళ్ల సందుల్లోకి పెద్ద చేపలు అంత సులువుగా దూరలేవు. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యమే చూడండి, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. పోటు తగ్గాక తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చేవి ఆ చెట్టు గాలి పీల్చుకునే వేళ్లు. అక్కడి కాలవల్లో ఎదిగిన పండుగప్ప, టైగర్ రొయ్య పిల్లలు తర్వాత సముద్రంలోకి వెళ్తాయి.

మడ అడవి పనికిరాని బురద నేల, దాన్ని కొట్టేసి చేపల, రొయ్యల చెరువులు తవ్వితేనే లాభం అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ లాభం చెరువు యజమానిది, నష్టం మాత్రం వేట మీద బతికే ఊళ్లన్నిటిదీ. పైగా తుపాను ఉప్పెనప్పుడు అలల జోరు తగ్గించే అడ్డు కూడా పోతుంది.