సర్కారు బడి మీద ఫిర్యాదు: ఎవరికి రాయాలి, ఎలా రాయాలి?

ప్రశ్న: మా అబ్బాయి మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాలలో ఆరో తరగతి. లెక్కల సారు వారంలో రెండు మూడు రోజులు రారు. హెచ్‌ఎం గారికి చాలాసార్లు చెప్పాం. ‘చూద్దాంలెండి’ అంటున్నారు. ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

జవాబు: వెళ్ళే ముందు, ఆయన ఎందుకు రావడం లేదో కనుక్కోండి. సెలవు పెట్టకుండా మానేస్తున్నారా? శిక్షణకు వెళ్తున్నారా? లేక వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో వారంలో కొన్ని రోజులు వేరే బడికి పంపుతున్నారా? మొదటిదైతే అది క్రమశిక్షణ విషయం. మూడోదైతే సారు తప్పేమీ లేదు, ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారినే అడగాలి. ఈ తేడా తెలియకుండా రాసిన అర్జీకి ‘సదరు ఉపాధ్యాయుడు విధుల్లోనే ఉన్నారు’ అని ఒక్క ముక్క జవాబు వస్తుంది, అంతటితో ఫైలు మూసేస్తారు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప టీచర్లకు బోధనేతర పనులు అప్పగించకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. వేరే పని మీద తిప్పుతున్నారని తేలితే ఆ సెక్షన్ పేరు అర్జీలో రాయండి.

నోటితో చెప్పిన మాటకు ఆఫీసులో రికార్డు ఉండదు. కాబట్టి ఇప్పుడు హెచ్‌ఎం గారికే రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్క పేజీ చాలు, ఒక్క సమస్యే రాయండి. మరుగుదొడ్లు, భోజనం, లెక్కల సారు అన్నీ ఒకే కాగితంలో పెడితే అధికారి తేలికైనదాన్ని తీర్చి మొత్తం పరిష్కారమైందని రాసేస్తారు. ‘తరచూ రారు’ అనకుండా ఏ తేదీన, ఏ పీరియడ్ జరగలేదో రాయండి. ఇందుకు మంచి ఆధారం మీ ఇంట్లోనే ఉంది. పిల్లల లెక్కల నోటు పుస్తకాల్లో తేదీలు చూడండి. నలుగురైదుగురు పిల్లల పుస్తకాల్లో ఒకే రోజులు ఖాళీగా ఉంటే దాన్ని కాదనడం కష్టం. చివర మీకు ఏం కావాలో స్పష్టంగా అడగండి: జరగని పాఠాలు ఎప్పటిలోగా పూర్తి చేయిస్తారు, ఆయన లేని రోజు పీరియడ్ ఎవరు తీసుకుంటారు.

రెండు కాపీలు తీసుకెళ్ళి, రెండోదాని మీద సంతకం, తేదీ, బడి ముద్ర వేయించుకోండి. తీసుకోం అని అంటే గొడవ పడొద్దు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పదిరోజుల్లో కదలిక లేకపోతే ఆ కాపీ జతచేసి మండల విద్యాధికారికి (ఎంఈవో), తర్వాత జిల్లా విద్యాధికారికి (డీఈవో) రాయండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం పిల్లల హక్కుకు సంబంధించిన రాతపూర్వక ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ (పంచాయతీ, జిల్లా పరిషత్ వంటిది) మీ వాదన కూడా విని మూడు నెలల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పది తరగతుల విషయమైతే 32వ సెక్షన్ ఊసెత్తకుండా నేరుగా శాఖాపరమైన అర్జీగానే రాయండి.

ప్రశ్న: కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చాను. అది తిరిగి తిరిగి మా హెచ్‌ఎం దగ్గరికే వచ్చింది. ఆయనే జవాబు రాసి పంపేశారట. మరి అంత దూరం వెళ్ళి ఏం లాభం?

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనైనా, తెలంగాణలో ప్రజావాణిలోనైనా ఇచ్చిన అర్జీ కలెక్టర్ నుంచి డీఈవోకు, అక్కడి నుంచి ఎంఈవోకు, చివరికి బడికి దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి కిందికి పంపుతారు. ఎవరి మీద ఫిర్యాదో వారి బల్ల మీదకే అది చేరడం ఇందువల్లే. దీన్ని ఆపడానికి అర్జీలోనే రెండు వాక్యాలు రాయాలి. ఫలానా తేదీన హెచ్‌ఎం గారికి, ఫలానా తేదీన ఎంఈవో గారికి ఇచ్చాం, ముద్ర వేసిన నకళ్ళు జతచేశాం అనేది మొదటిది. విచారణ ఈ బడికి సంబంధం లేని అధికారితో చేయించమని కోరడం రెండోది.

విచారణకు ఎవరైనా వస్తే మీ వాంగ్మూలం మీరే చేత్తో రాసివ్వండి, ఫోటో తీసుకోండి. ‘సమస్య పరిష్కారమైనది’ అని ముందే రాసి తెచ్చిన కాగితం మీద, ఎంత మొహమాటమైనా, పని కాకుండా సంతకం పెట్టొద్దు. మా దృష్టిలో అర్జీలు ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే.

ఫైలు ఎక్కడుందో తెలియకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. టీచరు హాజరు పట్టీ అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పికొట్టే అవకాశం ఉంది. దాని బదులు ఇలా అడగండి: ‘నేను ఫలానా తేదీన ఇచ్చిన, ఫలానా నంబరు గల అర్జీ మీద తీసుకున్న చర్య ఏమిటి? ప్రస్తుతం అది ఏ హోదా గల అధికారి దగ్గర ఉంది? విచారణ నివేదిక నకలు ఇవ్వండి.’ రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్రశ్న: మా పాపను టీచరు కర్రతో కొట్టారు, చెయ్యి వాచింది. ‘పెద్దది చేయకండి, మేం మాట్లాడతాం’ అని బడివాళ్ళు అంటున్నారు.

జవాబు: పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. చదువు కోసమే కొట్టారన్న మాట చట్టం ముందు నిలవదు. ముందు పాపను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాపు ఎలా వచ్చిందో డాక్టరుకు చెప్పి, చీటీలో అది రాయమనండి. రెండు రోజులాగితే వాపు తగ్గుతుంది, చూపడానికేమీ మిగలదు. అదే రోజు ఫోటోలు తీయండి. తర్వాత హెచ్‌ఎం, ఎంఈవోలకు రాయండి. గాయమైంది కాబట్టి పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లల సహాయ నంబరు 1098కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, ఆ పిలుపు పిల్లలు కూడా చేయొచ్చు.

లైంగిక వేధింపు అయితే పైన చెప్పిన మెట్లేవీ వద్దు. ‘బడిలోనే కమిటీ వేసి విచారిస్తాం’ అంటే ఒప్పుకోకండి. నేరుగా పోలీసులకు చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా సరే చెప్పి తీరాలి. కింది సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు పడవచ్చు. బిడ్డ వాంగ్మూలాన్ని యూనిఫాంలో లేని పోలీసు అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, బిడ్డ ఇంట్లో గానీ తనకు నచ్చిన చోట గానీ తీసుకోవాలి. మీరు మాత్రం బిడ్డను పదేపదే అడిగి చెప్పించకండి. పేరు, ఫోటో, బడి వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బిడ్డ ఎవరో తెలిసేలా చేయడం కూడా నేరమే.

ప్రశ్న: మధ్యాహ్న భోజనం తక్కువ పెడుతున్నారు, కూర నీళ్ళగా ఉంటోంది. ఎంత పెట్టాలో లెక్క ఉందా?

జవాబు: ఉంది. ఐదో తరగతి వరకు ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది వరకు బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75. ఇవి పచ్చి సరుకు తూకాలు. అంటే 40 మంది చిన్నపిల్లలు ఉన్న రోజు 800 గ్రాముల పప్పు ఉడకాలి. వండకముందు వెళ్ళి చూస్తేనే తేడా తెలుస్తుంది, వడ్డించాక కాదు. పాఠశాల యాజమాన్య కమిటీలో ఉన్న తల్లిదండ్రులు వెళ్ళి చూసి, రుచి చూసి, రిజిస్టరులో రాయొచ్చు. 2015 నాటి మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం బడిరోజున భోజనం పెట్టకపోతే పిల్లలకు ఆహార భద్రత భత్యం ఇవ్వాలి.

అయితే వంట చేసే అక్కల మీద విరుచుకుపడే ముందు బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదో అడగండి. అప్పు తెచ్చి వండుతున్న చోట కూర పలచబడుతుంది. అప్పుడు ఫిర్యాదు వాళ్ళ మీద కాదు, బకాయిల విడుదల కోరుతూ ఎంఈవోకు, కలెక్టర్‌కు రాయాలి. వాళ్ళతో కూడా సంతకం పెట్టించండి.

ప్రశ్న: పేరు లేకుండా ఫిర్యాదు చేయొచ్చా? పిల్లవాడిని సాధిస్తారేమోనని భయం.

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినదే. కానీ పేరులేని ఉత్తరాలను చాలా ఆఫీసులు పక్కన పడేస్తాయి, విచారణాధికారికి మాట్లాడటానికి మనిషీ దొరకడు. ఒక్కరే కాకుండా అదే తరగతి తల్లిదండ్రులు పదిమంది సంతకం చేయండి. ఇంకా మంచిది, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో తీర్మానంగా పెట్టించడం. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని చట్టం. అప్పుడు అది మీ ఒక్కరి ఫిర్యాదు కాదు, బడి రికార్డు. ఇక, ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు పిల్లవాణ్ణి బడి నుంచి తీసేసే అధికారం ఎవరికీ లేదు. బడి మార్చాలనుకుంటే హెచ్‌ఎం టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు.