తాకట్టు కొట్టులో పాత రీలోడింగ్ సామాను: 350 డాలర్లు పెట్టొచ్చా?

రీలోడింగ్ అంటే కాల్చిన తూటాల ఖాళీ గుల్లలను మళ్లీ నింపుకోవడం. మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఒక తాకట్టు కొట్టులో ఆర్‌సీబీఎస్ కంపెనీ రాక్ చకర్ ప్రెస్ (తూటాలను నొక్కి తయారుచేసే చేతి యంత్రం), మూడు డై సెట్లు (ప్రెస్‌లో బిగించే అచ్చులు; .38 స్పెషల్, 9 ఎంఎం, .30-06 అనే తూటా సైజులకు), 5-0-5 మోడల్ త్రాసు, పౌడర్ మెజర్ (తూటా మందు కొలిచి పోసే పరికరం), మూత తీసిన రెండు పౌడర్ డబ్బాలు, ఒక సంచి ఖాళీ బ్రాస్ (తూటాల ఇత్తడి గుల్లలు), అన్నీ కలిపి గంపగుత్తగా 350 డాలర్లు చెబుతున్నారు, తీసుకోవచ్చా అని. ఆ ధరకు వద్దు. అన్నీ సక్రమంగా ఉంటే 240 దాకా పెట్టొచ్చు. ఆ లెక్క ఎలా వచ్చిందో చెబుతాను.

దానికంటే ముందు ఒక ముఖ్యమైన సంగతి. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అలాంటివి మరికొన్ని ఉన్నాయి. మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ చట్టం ప్రకారం తూటా అంటే నింపిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ బ్రాస్, ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), బుల్లెట్ (దూసుకెళ్లే ముందు ముక్క), పౌడర్ విడివిడిగా ఉన్నా తూటా కిందే లెక్క. ప్రెస్, డైలు, త్రాసు ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఆ సంచిలోని ఖాళీ బ్రాస్ కూడా మీకు ఇబ్బంది తేవచ్చు. నేను గ్రీన్ కార్డ్ చేతికి వచ్చాకే ఇందులో దిగాను. మీరు ఇంకా వీసా మీదే ఉంటే లాయర్‌ను అడగకుండా ఆ పెట్టె ఇంటికి తేవద్దు. ఎప్పుడైనా ఇండియాకు తీసుకెళ్దామనే ఆలోచన కూడా వద్దు. అక్కడ 1959 ఆయుధాల చట్టం తూటాలు తయారుచేసే యంత్రాలను కూడా తూటాల కిందే చూస్తుంది.

ఇక ధర. 2016లో నేను కూడా ఇలాగే ఒక పెట్టె కొన్నాను. 'కంప్లీట్ సెట్' అని చీటీ అంటించారు, 260 డాలర్లు ఇచ్చాను. ఇంటికి వచ్చి బల్ల మీద పరిస్తే అసలు విషయం బయటపడింది. డైలలో ఒక సెట్ డిల్లాన్ స్క్వేర్ డీల్‌ది. ఆ యంత్రం డైలు దానికే సరిపోతాయి, మామూలు ప్రెస్‌లో ఎక్కవు. త్రాసుకు పళ్లెం వేరే కంపెనీది పెట్టారు. అలాంటి త్రాసులో పళ్లెం బరువు దండెకు సరిపడా ఉండాలి. పళ్లెం మారితే ముల్లు సున్నా మీదికి రాదు, కింది మర ఎంత తిప్పినా రాదు. కొట్టువాళ్లు నన్ను మోసం చేశారని అనుకోను. గ్యారేజీ ఖాళీ చేసినవాళ్లు తెచ్చి పడేసిందే వాళ్లు పెట్టెలో సర్దుతారు. ఏది దేనికి సరిపోతుందో వాళ్లకూ తెలియదు. అందుకే చీటీ మీద ఉన్న మాటకు కాకుండా, పెట్టెలో కనబడుతున్న ఒక్కొక్క వస్తువుకు విడిగా రేటు కట్టండి.

మొదట ప్రెస్. రాక్ చకర్ పోత ఇనుము, తరాలు వస్తుంది. పిడి దించి ర్యామ్‌ను (మధ్యలో పైకీ కిందికీ కదిలే కడ్డీని) పైకి లేపి, దాన్ని చేత్తో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. బాగా ఊగితే అరిగినట్టే. పైపైన తుప్పు ఉంటే భయపడకండి, నూనె, స్టీల్ ఊల్‌తో అరగంటలో పోతుంది. ర్యామ్ మీద గుంటలు పడి ఉంటే మాత్రం వదిలేయండి. నేను వెళ్లినప్పుడల్లా జేబులో ఒక మామూలు డై పెట్టుకుని వెళ్తాను. ప్రెస్ నెత్తిన ఉన్న మరలోకి అది వేళ్లతోనే సాఫీగా దిగాలి. పట్టేస్తుంటే ఎవరో డైని వంకరగా బిగించి మర పాడుచేశారన్నమాట. అన్నీ బాగుంటే ప్రెస్‌కు 100 కడతాను. ఆన్‌లైన్‌లో ఇంతకంటే ఎక్కువ కనబడవచ్చు. కానీ అక్కడ అడిగే ధర కాదు, అమ్ముడైన ధర చూడాలి. అందులోంచి కూడా ఇంత బరువైన ఇనుము పంపే ఖర్చు, సైట్ కమీషన్ తీసేయాలి. కొట్టువాళ్లకు ఆ రెండు ఖర్చులూ లేవు.

డైల దగ్గరే చాలామంది చేతులు కాల్చుకుంటారు. పెట్టె మీద ఉన్న పేరు నమ్మకుండా డై మీద చెక్కిన అక్షరాలు చదవండి. .38కు, 9 ఎంఎంకు మూడేసి డైలుండాలి, .30-06కు రెండు. పిస్టల్ సైజింగ్ డై (బ్రాస్‌ను మళ్లీ సరైన సైజుకు నొక్కేది) అంచులో వేరే రంగు లోహపు వలయం కనిపిస్తే అది కార్బైడ్ అనే గట్టి పదార్థం, బ్రాస్‌కు నూనె రాసే పని ఉండదు. వలయం లేని పాత స్టీల్ డై అయితే నేను సగమే ఇస్తాను. ఫోన్ లైటు వేసి లోపల చూడండి, ఇరుక్కుపోయిన బ్రాస్ గానీ గీతలు గానీ ఉన్నాయేమో. వాడిన ప్రైమర్‌ను బయటికి నెట్టే పిన్ను వంగినా విరిగినా పర్వాలేదు, అది చవకగా దొరుకుతుంది. ఇంకో సంగతి, ఈ మూడింటికీ మూడు వేర్వేరు షెల్ హోల్డర్లు (బ్రాస్ అడుగును ర్యామ్ మీద పట్టి ఉంచే ముక్కలు) కావాలి. ఆర్‌సీబీఎస్ నంబర్లు వరుసగా 6, 16, 3. పెట్టెలో లేకపోతే కొత్తవాటి ధర తగ్గించి చెప్పండి. మంచి స్థితిలో ఉంటే సెట్‌కు 20, మొత్తం 60.

త్రాసుకు 45, కానీ పరీక్షించాకే. కొత్తగా కనిపించే ఒక నికెల్ నాణెం (ఐదు సెంట్లది) తీసుకెళ్లండి. అది 5 గ్రాములు, అంటే ఈ త్రాసు కొలిచే గ్రెయిన్లలో దాదాపు 77. కౌంటర్ మీద త్రాసును సమంగా నిలబెట్టి, ముందు ఖాళీ పళ్లెంతో సున్నా పెట్టండి, తర్వాత నాణెం వేయండి. దండెను వేలితో మెల్లగా కిందికి నొక్కి వదలండి, ఇలా మూడుసార్లు. మూడుసార్లూ ఒకే గీత దగ్గర ఆగాలి. ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఆగితే దండె ఆని ఊగే కత్తి అంచులు దెబ్బతిన్నాయని అర్థం, ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. పౌడర్ ఎక్కువ పడితే తుపాకీ పేలి చెయ్యి పోతుంది. ఇక్కడ మాత్రం బేరం, మొహమాటం రెండూ పనికిరావు.

పౌడర్ మెజర్‌కు 45. బ్రాస్ తలమీద అక్షరాలు చదివి, పనికొచ్చేది ఉంటే 10.

మూత తీసిన పౌడర్ డబ్బాలకు సున్నా. డబ్బా మీద ఏ పేరున్నా లోపల అదే ఉందని హామీ ఇచ్చేవాళ్లు లేరు. నా 2016 పెట్టెలోనూ ఒకటి వచ్చింది. మూత తీయగానే పుల్లటి ఘాటు వాసన, లోపల ఎర్రటి దుమ్ము. పౌడర్ పాడైపోయిందనడానికి ఇవే గుర్తులు. ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడిగి వాళ్లకే అప్పగించాను. మీరు వాటిని కొట్టులోనే వదిలేయండి.

మొత్తం కూడితే 260. రిటర్న్ ఉండదు, చిన్న భాగాలు ఏవో ఒకటి తక్కువపడతాయి, అందుకే 240 నా హద్దు. 350 మీద 8.25 శాతం పన్ను పడితే 379 అవుతుందని మరచిపోవద్దు. 2020, 21లో ప్రైమర్లు దొరకని రోజుల్లో పాత ప్రెస్‌లకు కూడా కొత్తవాటి ధర పలికింది. ఆ రేట్లు గుర్తుపెట్టుకుని ఇప్పటికీ చీటీలు రాసే కొట్లున్నాయి.

వారం మధ్యలో, రద్దీ లేనప్పుడు వెళ్లండి. పెట్టె ఎన్నాళ్లుగా ఉందో అడగండి. మూడు నెలలు దాటితే వాళ్లే దిగుతారు. నేనైతే నగదు చేతిలో పెట్టుకుని 190 నుంచి మొదలుపెడతాను. దిగకపోతే ప్రెస్ ఒక్కటే 100కు ఇస్తారేమో అడగండి. డైలు, త్రాసు తర్వాత ఒక్కొక్కటిగా కూడా కొనుక్కోవచ్చు. త్రాసు పళ్లెం కింద ఏమైనా నంబరు ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఆ త్రాసుదో కాదో చూసి చెబుతాను.