చెట్లు పెద్దగా లేని అమెరికా మైదాన ప్రాంతం నెబ్రాస్కాలో, 19వ శతాబ్దపు వలసదారులు ఇల్లు ఎలా కట్టుకున్నారు? ప్రభుత్వం వాళ్లకిచ్చిన 160 ఎకరాలు నిజంగా ఉచితమేనా?

ముందు రెండో ప్రశ్న. ప్రభుత్వ భూమిని సాగుదారులకు పంచే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 21 ఏళ్లు నిండినా, లేదా కుటుంబ పెద్ద అయినా 160 ఎకరాలు అడిగే వీలుండేది. ఒంటరి ఆడవాళ్లకూ హక్కుండేది. పౌరసత్వం రాకపోయినా, తీసుకుంటానని ప్రకటన దాఖలు చేస్తే సరిపోయేది. మొదట 12 డాలర్లు కట్టాల్సి వచ్చేది. ఐదేళ్లు అక్కడే కాపురముండి, సాగుచేసి, ఇద్దరు సాక్షుల్ని తెస్తే మరో 6 డాలర్లతో పట్టా చేతికొచ్చేది. ఎద్దులు, నాగలి, బావి, మొదటి పంట దాకా తిండి మాత్రం సొంత ఖర్చే. చాలామంది చతికిలపడ్డది అక్కడే. ఇలా పంచిన నేలలో చాలావరకు ఒమాహా, ఒటో-మిజూరియా, పానీ అనే ఆదివాసీ తెగలది. 1850లలో ఒప్పందాల పేరుతో ప్రభుత్వం రాయించుకుంది. 

ఇక ఇల్లు. గోడలకు సరిపడా కలప లేదు కాబట్టి నేలనే కోసి గోడలు పెట్టారు. మామూలు నాగలి పెళ్లను చిదిపేస్తుంది. అందుకని గడ్డ విరక్కుండా పట్టీలా లేపే ప్రత్యేక నాగలి వాడేవారు. పట్టీ అడుగు వెడల్పు, 4 అంగుళాల మందం. దాన్ని పారతో 3 అడుగుల ముక్కలుగా నరికేవారు. ఒక్కోటి సుమారు 50 పౌండ్లు. వేళ్లు దట్టంగా అల్లుకున్న గడ్డే పనికొస్తుంది, అదీ నేల తడిగా ఉన్నప్పుడే. ఏ రోజు లేపింది ఆ రోజే పేర్చాలి, ఎండితే పొడైపోతుంది.

గడ్డి వైపు కిందకి పెట్టి, రెండు పెళ్లల మందాన, అతుకు మీద అతుకు పడకుండా పేర్చేవారు. ప్రతి మూడు నాలుగు వరుసలకు ఒక వరుస అడ్డంగా. ఇది మానేస్తే గోడ నిలువునా రెండుగా విడిపోతుంది. కిటికీ చట్రం పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ వదిలి గుడ్డపీలికలు కుక్కాలి. పచ్చి గోడ నెలల తరబడి కుంగుతుంది. ఖాళీ లేకపోతే ఆ బరువంతా చట్రం మీద పడి అద్దం పగులుతుంది.

గోడలతో పెద్దగా పేచీ లేదు. చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేవి. అసలు బాధంతా కప్పుతోనే. నిట్టాళ్ల మీద దూలం, వాసాలు, పైన కంప, దానిమీద మళ్లీ పెళ్లలే. వాన నీరు పీల్చుకుంటే బరువు బాగా పెరిగి వాసాలు విరిగేవి, ఒక్కోసారి కప్పే కూలేది. కూలకపోయినా వాన వెలిసిన రెండు మూడు రోజుల దాకా లోపల బురద చుక్కలే. అందుకే వాసాల కింద పలుచని మస్లిన్ గుడ్డ కట్టేవారు. అది రాలే మట్టిని, ఎలుకల్ని, అప్పుడప్పుడు పాముల్నీ ఆపేది, నీళ్లను మాత్రం కాదు.